పాతకాలపు మాడిఫైడ్ స్టాక్ కార్లు: పందెం, తయారీ, పునరుద్ధరణ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

మాడిఫైడ్ స్టాక్ కారు అంటే ఏమిటి?

మామూలు జనం కొనుక్కుని రోడ్డు మీద నడుపుకోవడానికి కంపెనీ తయారుచేసిన కారును పందేల వాళ్ళు స్టాక్ కారు అంటారు. అలాంటి కారు ఫ్రేమునూ పైబాడీనీ ఆధారంగా తీసుకుని, ఇంజిన్, ఇరుసులు, స్ప్రింగులు, గేర్లు, చక్రాలు అన్నిటినీ పందేనికి అనువుగా మార్చి కట్టినదే మాడిఫైడ్. బయటి నుంచి చూస్తే 1930ల నాటి కూపేలాగే, అంటే రెండు తలుపుల చిన్న కారులాగే కనిపిస్తుంది గానీ, ముందు మడ్‌గార్డులు ఉండవు, తలుపులు తెరుచుకోకుండా వెల్డింగ్ చేసి ఉంటాయి, ముందు అద్దం ఉండవలసిన చోట ఇనుప జాలీ ఉంటుంది, నలువైపులా పైపులతో చేసిన బంపర్లు ఉంటాయి. ఇక్కడి సమాధానాలన్నీ 1940ల చివరి నుంచి 1980ల ఆరంభం దాకా అమెరికా తూర్పు రాష్ట్రాల అండాకారపు ట్రాకుల మీద పరిగెత్తిన కార్లకు సంబంధించినవి.

ఈ పందేలు ఎలా మొదలయ్యాయి?

అమెరికా దక్షిణాది కొండ ప్రాంతాల్లో నాటుసారా రవాణా చేసేవారు పోలీసులకు చిక్కకుండా ఉండడానికి ఫోర్డ్ కార్లను వేగంగా పోయేలా మార్చుకునేవారు. అదే మెకానిక్‌లు, అదే డ్రైవర్లు ఆదివారాల్లో మట్టి ట్రాకుల మీద పోటీ పడడంతో ఈ ఆటకు పునాది పడింది. అట్లాంటాకు చెందిన రేమండ్ పార్క్స్ సారా వ్యాపారంలో సంపాదించిన డబ్బుతో కార్లు సమకూర్చగా, రెడ్ వోట్ అనే మెకానిక్ వాటిని సిద్ధం చేసేవాడు. వారి జట్టులోని లాయిడ్ సీ 1941 సెప్టెంబరులో అట్లాంటా లేక్‌వుడ్ ట్రాకులో పెద్ద పందెం గెలిచి, ఆ మరునాడే సారా తయారీకి కొన్న చక్కెర లెక్కల తగాదాలో దగ్గరి బంధువు చేతిలో తుపాకీ కాల్పులకు బలయ్యాడు. ఈ ఆటను సారా కథలతోనే సరిపెట్టేవారు చాలామంది ఉన్నారు. నా దృష్టిలో ఆ కథల కన్నా రెడ్ వోట్ షెడ్డులో జరిగిన పనే ముఖ్యం.

1947 డిసెంబరులో ఫ్లోరిడాలోని డేటోనా బీచ్‌లో బిల్ ఫ్రాన్స్ పిలిచిన సమావేశం నుంచి, స్టాక్ కారు పందేలు నడిపే నాస్కార్ సంస్థ పుట్టింది. యుద్ధం ముగిసి ఎంతో కాలం కానందున కొత్త కార్లు దొరకడం కష్టంగా ఉండేది. అందువల్ల 1948లో ఆ సంస్థ మొదటి ఏడాది నడిపినవి మాడిఫైడ్ పందేలే. అదే ఏడాది ఫిబ్రవరి 15న డేటోనా ఇసుక తీరం మీద జరిగిన తొలి పందేన్ని రెడ్ బైరన్, పార్క్స్ సమకూర్చి వోట్ సిద్ధం చేసిన 1939 ఫోర్డ్‌లో గెలిచాడు. రెండవ ప్రపంచ యుద్ధంలో బాంబర్ విమానంలో పనిచేస్తూ గాయపడిన బైరన్ ఎడమ కాలికి క్లచ్ తొక్కేటంత బలం లేకపోవడంతో, ఆ కాలు పెడల్ మీద నిలిచేలా వోట్ ప్రత్యేకంగా ఒక అమరిక చేసిపెట్టాడు. నడిపే మనిషి శరీరానికి తగ్గట్టు కారును కట్టడం అనే పద్ధతి ఈ ఆటలో తొలినాళ్ళ నుంచే ఉందనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

1930ల కూపేలనే ఎందుకు ఎంచుకున్నారు?

అవి చవక, తేలిక, పైగా ఎక్కడపడితే అక్కడ దొరికేవి. యుద్ధం తరువాత పాత ఇనుప సామాను కొట్లలో ఫోర్డ్, షెవర్లే కూపేలు కుప్పలుగా పడి ఉండేవి. బాడీ పొట్టిగా, ఇరుకుగా ఉండడం వల్ల బరువు తక్కువ. ఇంజిన్ మీది బానెట్టు, మడ్‌గార్డులు విడివిడిగా బోల్టులతో బిగించి ఉండడం వల్ల వాటిని తీసిపారేయడం సులువు. అడుగున విడిగా నిచ్చెన ఆకారపు ఫ్రేము ఉండేది కాబట్టి, ఒక బాడీ నలిగిపోతే దాన్ని ఎత్తిపెట్టి మరొకటి దించుకోవచ్చు.

వాటిలో ఏ ఇంజిన్లు వాడేవారు?

మొదట్లో రాజ్యమేలింది ఫోర్డ్ ఫ్లాట్‌హెడ్ వి8. 1932లో విడుదలైన ఈ ఇంజిన్ పరిమాణం 221 ఘనపుటంగుళాలు, తొలి ఏడాది దాని శక్తి 65 హార్స్‌పవర్. సామాన్యుడికి అందే ధరలో ఎనిమిది సిలిండర్ల ఇంజిన్ రావడం అప్పట్లో పెద్ద విశేషం. దీనిలో వాల్వులు సిలిండర్ తల (హెడ్) మీద కాకుండా బ్లాకులోనే ఉంటాయి. అందువల్ల కాలిన పొగ బయటికి పోవడానికి బ్లాకు లోపలి నుంచే దారులు చేయవలసి వచ్చింది, ఆ దారుల వేడంతా చుట్టూ ఉన్న నీటికి ఎక్కేది. ఫ్లాట్‌హెడ్ వేడెక్కిపోతుందన్న చెడ్డపేరుకు ముఖ్యమైన కారణం ఇదే.

పందెం మెకానిక్‌లు సిలిండర్లను పెద్దవిగా బోరు కొట్టించి, మెర్క్యురీ కారులోని పొడవాటి స్ట్రోకు ఉన్న క్రాంక్ షాఫ్టును ఫోర్డ్ బ్లాకులో దించి, అల్యూమినియం హెడ్లు, రెండు మూడు స్ట్రాంబర్గ్ కార్బ్యురేటర్లు బిగించేవారు. పొగదారులను చేత్తో పట్టిన గ్రైండరుతో గంటల తరబడి నునుపు చేసేవారు. ఈ పనిలో చేయి కాస్త జారితే నీళ్ళ గోడకు చిల్లు పడి బ్లాకంతా వృథా అవుతుంది. మంచి పనివాణ్ణి వేరుచేసి చూపేది అక్కడే.

1955లో షెవర్లే స్మాల్ బ్లాక్ వి8 వచ్చాక ఫ్లాట్‌హెడ్ రోజులు ముగిశాయి. 265 ఘనపుటంగుళాలతో మొదలై 1957లో 283కు, 1962లో 327కు పెరిగిన ఈ ఇంజిన్ తేలికైనది, వాల్వులు హెడ్లలో ఉన్నందువల్ల గాలి ధారాళంగా పీల్చేది, విడిభాగాలు ప్రతి ఊళ్ళోనూ దొరికేవి. ఫోర్డ్ కూపేలోనూ షెవర్లే ఇంజిన్ పెట్టడం త్వరలోనే మామూలైపోయింది. కొందరు కార్బ్యురేటర్ల బదులు హిల్‌బార్న్ ఇంధన ఇంజెక్షన్ కూడా వాడారు.

కారు ఎప్పుడూ ఎడమకే తిరిగితే, దాన్ని కట్టడంలో తేడా ఏముంటుంది?

తేడా అంతా అక్కడే ఉంది. రోడ్డు కారును రెండు వైపులకూ సమానంగా తిరగడానికి కడతారు, మాడిఫైడ్‌ను ఎడమకు మాత్రమే తిరగడానికి కడతారు. ఎడమకు తిరిగేటప్పుడు బరువు కుడి చక్రాల మీదికి వాలుతుంది కాబట్టి, కారు నిలబడి ఉన్నప్పుడే బరువులో సగానికి పైగా ఎడమ వైపు ఉండేలా ఇంజిన్‌ను మధ్యగీత నుంచి పక్కకూ వెనక్కూ జరిపేవారు. డ్రైవర్ సీటు, ఇంధనపు ట్యాంకు, బ్యాటరీ స్థానాలను కూడా ఈ లెక్కతోనే నిర్ణయించేవారు.

రెండవ ఉపాయం టైర్లలో ఉంటుంది. వెనక ఇరుసుకు రెండు వైపులా చక్రాలు ఒకే వేగంతో తిరిగేలా బిగించేస్తారు, రోడ్డు కార్లలో ఉండే డిఫరెన్షియల్ ఇందులో ఉండదు. అలాంటి ఇరుసు తనంతట తాను నేరుగానే పోతుంది, తిరగనంటుంది. అందుకని కుడి వెనక టైరు చుట్టుకొలత ఎడమదానికన్నా ఎక్కువ ఉండేలా ఎంచుకుంటారు. స్టీలు గ్లాసును నేల మీద దొర్లిస్తే వెడల్పు మూతి ఉన్న వైపు బయటికి ఉండి గుండ్రంగా తిరిగినట్లు, ఇరుసు కూడా తనంతట తానే ఎడమకు మళ్ళుతుంది. దీన్ని స్టాగర్ అంటారు. మలుపు వ్యాసార్ధం 60 మీటర్లు, వెనక టైర్ల మధ్య దూరం మీటరున్నర అనుకుంటే, బయటి చక్రం లోపలి చక్రంకన్నా సుమారు రెండున్నర శాతం ఎక్కువ దూరం పోవాలి. ఎడమ టైరు చుట్టుకొలత 210 సెంటీమీటర్లయితే, కుడి టైరుది సుమారు 215 సెంటీమీటర్లు ఉండాలన్నమాట. అయితే తిన్నని దారిలో ఇదే తేడా కారును అడ్డంగా లాగుతుంది కాబట్టి, నిజమైన కొలత ఈ రెంటి మధ్య రాజీగా ఉంటుంది. పందెం ముందు కొలత టేపు పట్టుకుని టైర్ల చుట్టూ తిరిగేవారిని చూస్తే, వారు చేస్తున్న లెక్క ఇదే.

మూడవది మూలల బరువు. ప్రతి చక్రం మీదా ఎంత బరువు పడుతోందో తూచి, స్ప్రింగు మీది పొడవాటి మరను తిప్పి దాన్ని మారుస్తారు. ఒక మూల మరను బిగిస్తే ఆ మూలతోపాటు దానికి ఐమూలగా ఉన్న చక్రం మీద కూడా బరువు పెరుగుతుంది, మిగతా రెంటి మీదా తగ్గుతుంది. కుడి ముందు, ఎడమ వెనక చక్రాల మీద బరువు పెంచితే వెనక భాగం పట్టు నిలుపుకుంటుంది గానీ, కారు తిరగడానికి మొరాయిస్తుంది. ఒక చుట్టు మర తిప్పడంతో పందెం గెలిచిన సందర్భాలూ ఓడిన సందర్భాలూ ఉన్నాయి.

క్విక్ చేంజ్ ఇరుసు అంటే ఏమిటి?

ఇరుసు గుండు వెనక భాగంలో ఒక మూత, ఆ మూత కింద రెండు గేర్లు ఉంటాయి. మూత నట్లు విప్పి ఆ జతను మార్చితే, లేదా అదే జతలో పైదాన్ని కిందికీ కిందదాన్ని పైకీ మార్చితే, ఇంజిన్‌కూ చక్రాలకూ మధ్య గేరు నిష్పత్తి కొద్ది నిమిషాల్లో మారిపోతుంది. శుక్రవారం ఒక ట్రాకు, శనివారం మరో పొడవు ట్రాకు, ఆదివారం ఇంకొకటి తిరిగే జట్లకు ఇది వరం. కాలిఫోర్నియాలో టెడ్ హాలిబ్రాండ్ తయారుచేసినవి ఎక్కువ పేరు పొందాయి.

ఫ్రేమునూ రోల్ కేజినీ ఎలా కట్టేవారు?

తొలినాళ్ళలో కంపెనీ ఫ్రేమునే వాడుకుని, బలహీనంగా ఉన్న చోట్ల పలకలు వేసి, అడ్డకమ్మీలు కలిపి వెల్డింగ్ చేసేవారు. 1948 దాకా ఫోర్డ్ కార్లలో ముందూ వెనకా ఒక్కొక్క పట్టా స్ప్రింగే ఇరుసుకు సమాంతరంగా అడ్డంగా ఉండేది. దాన్ని తీసేసి ప్రతి చక్రానికీ విడి స్ప్రింగు పెట్టడం పెద్ద మార్పు, ఎందుకంటే ఆ తరువాతనే మూలల బరువును విడివిడిగా మార్చడం నిజంగా సాధ్యమైంది. కొందరు కాయిల్ స్ప్రింగులను, కొందరు మెలితిరిగే ఉక్కు కడ్డీలైన టార్షన్ బార్లను ఎంచుకున్నారు. ఇరుసు ముందుకూ వెనక్కూ కదలకుండా రెండు వైపులా పొడవాటి కడ్డీలు, పక్కకు జరగకుండా అడ్డంగా మరో కడ్డీ పెట్టేవారు. ఈ అడ్డకడ్డీని పాన్‌హార్డ్ బార్ అంటారు. దాని చివరను ఒక అంగుళం పైకో కిందికో మార్చినా కారు నడక మారిపోతుంది, అందుకే పాత కార్లలో ఆ బ్రాకెట్టుకు వరుసగా చాలా రంధ్రాలు కనిపిస్తాయి.

కారు బోల్తాపడినా డ్రైవర్ నలిగిపోకుండా కాపాడే గొట్టాల పంజరమే రోల్ కేజి. దాని చరిత్ర మాత్రం కొంత బాధాకరమైనది. మొదట్లో డ్రైవర్ తల వెనక ఒక కమాను తప్ప మరేమీ ఉండేది కాదు, దానికి నీళ్ళ పైపులు వాడినవారు కూడా ఉన్నారు. నీళ్ళ పైపు నీటి ఒత్తిడిని తట్టుకోవడానికి చేసినదే తప్ప దెబ్బను తట్టుకోవడానికి చేసినది కాదు. మరలు కోసిన చోట, వెల్డింగ్ పక్కన అది విరుగుతుంది. ఒక్కో ప్రమాదం తరువాత ఒక్కో కడ్డీ పెరిగి, తలుపు వైపు అడ్డకమ్మీలు, పైకప్పు కింద చట్రం, ముందుకు దిగే కాళ్ళు చేరి, 1960ల నాటికి అది పూర్తి పంజరంగా మారింది. ఉక్కు గొట్టాలను వంచే యంత్రం లేనివారు గొట్టంలో ఇసుక నింపి, వేడిచేసి వంచేవారు. రెండు గొట్టాలు కలిసే చోట ఒకదాని చివరను చేప నోరులా కోసి, రెండవదాని గుండ్రానికి సందు లేకుండా అమర్చాకే వెల్డింగ్ మొదలుపెట్టాలి. సందును వెల్డింగ్‌తో నింపేవాడు తొందరపాటు మనిషి. ఆ తొందర ఎన్నేళ్ళయినా ఆ అతుకులో కనబడుతుంది.

ఇంధనపు ట్యాంకు విషయంలో మార్పు 1964 తరువాత వచ్చింది. ఆ ఏడాది మే 24న నార్త్ కరోలినాలోని షార్లెట్‌లో జరిగిన ప్రమాదంలో మంటల్లో చిక్కుకున్న డ్రైవర్ ఫైర్‌బాల్ రాబర్ట్స్ జూలై 2న మరణించాడు. ఇలాంటి ప్రమాదాల తరువాత, నురుగు నింపిన రబ్బరు సంచిని లోపల పెట్టిన ఫ్యూయల్ సెల్ వాడకంలోకి వచ్చింది.

మట్టి ట్రాకు కారుకూ తారు ట్రాకు కారుకూ తేడా ఉందా?

1950లలో ఒకే కారు రెంటి మీదా పరిగెత్తేది. తరువాత దారులు వేరయ్యాయి. తారు కారు నేలకు దగ్గరగా, వెడల్పు టైర్లతో ఉంటుంది. మట్టి కారు ఎత్తుగా ఉండి, వెనక పట్టు కోసం బరువు వాలనిచ్చేలా మెత్తని స్ప్రింగులతో ఉంటుంది. పెన్సిల్వేనియాలోని లాంగ్‌హార్న్ ట్రాకు మాత్రం రెంటికీ లొంగనిది. మైలు పొడవున్న ఆ మట్టి ట్రాకు దాదాపు పూర్తి వృత్తం, తిన్నని దారి అన్నదే లేదు. 1965లో తారు వేసి ఆకారం మార్చేదాకా అక్కడ డ్రైవర్లు స్టీరింగు నిటారుగా పట్టుకునే అవకాశమే ఉండేది కాదు. 1971లో ఆ ట్రాకు మూతపడింది.

కూపేలు ఎందుకు కనుమరుగయ్యాయి?

పాత బాడీలు అయిపోయాయి. 1960ల చివరికి ఇనుప కొట్లలో మంచి కూపే దొరకడం అరుదై, 1970లలో ఫోర్డ్ పింటో, షెవర్లే వేగా, ఏఎంసీ గ్రెమ్లిన్ వంటి చిన్న కార్ల బాడీలు వాటి స్థానంలోకి వచ్చాయి. బాడీతో పాటు పని పద్ధతి కూడా మారింది. డ్రైవర్‌గా పేరు తెచ్చుకున్న మేనార్డ్ ట్రాయర్ న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్ ప్రాంతంలో ఛాసిస్‌లు (బాడీ కింది చట్రాలు) కట్టి అమ్మడం మొదలుపెట్టినట్లే, మరికొందరు కూడా చేయడంతో, ఎవరి షెడ్డులో వారు కట్టుకునే రోజులు తగ్గుముఖం పట్టాయి. 1980 అక్టోబరులో సిరక్యూస్ మైలు మట్టి ట్రాకులో కెన్నీ వెల్డ్ కట్టిన లింకన్ బాడీ కారుతో గ్యారీ బాలో తిరుగులేని ఆధిక్యంతో గెలిచినప్పుడు, గాలి ఒత్తిడితో కారును నేలకు అదిమే ఆకారం ముందు పాత ఆలోచనలు నిలవవని అందరికీ అర్థమైంది. అది అద్భుతమైన పనితనమే, కానీ ఆ కారులో రోడ్డు కారు జాడ దాదాపు మిగలలేదు. నేను కూపేల వైపు మొగ్గడానికి కారణం అదే.

తప్పక తెలుసుకోవలసిన డ్రైవర్లు ఎవరు?

న్యూయార్క్ రాష్ట్రంలోని రోమ్ అనే చిన్న పట్టణం నుంచి వచ్చిన ఇద్దరు, 1971 నుంచి 1985 దాకా వరుసగా పదిహేనేళ్ళు నాస్కార్ జాతీయ మాడిఫైడ్ టైటిల్‌ను ఆ ఊరు దాటి పోనివ్వలేదు. జెర్రీ కుక్ ఆరుసార్లు, నారింజరంగు 61 నంబరు కారు నడిపిన రిచీ ఎవన్స్ తొమ్మిదిసార్లు గెలిచారు. 1979లో ఎవన్స్ 60 పందేల్లో పాల్గొని 37 గెలిచాడు. తొమ్మిదవ టైటిల్ ఖాయం చేసుకున్నాక, 1985 అక్టోబరు 24న మార్టిన్స్‌విల్‌లో సాధన చేస్తుండగా జరిగిన ప్రమాదంలో మరణించాడు. వర్జీనియాకు చెందిన రే హెండ్రిక్‌ను దక్షిణాదిలో మిస్టర్ మాడిఫైడ్ అనేవారు. తరువాత పెద్ద కార్ల పందేల్లో ప్రసిద్ధుడైన బాబీ ఆలిసన్ కూడా 1964, 1965లలో మాడిఫైడ్ విజేతే.

దొరికిన పాత కారు అసలైనదేనని ఎలా నిర్ధారించుకోవాలి?

ఓపికతో చూడాలి. ఈ కార్లకు కంపెనీ రికార్డులు ఉండవు. ఒక కారు నాలుగైదు చేతులు మారి, ప్రతి యజమాని దగ్గరా కొత్త రంగు, కొత్త నంబరు, కొత్త బాడీ పొందడం సహజం. అందువల్ల బాడీ కన్నా ఫ్రేమును నమ్మాలి. పాత నలుపు తెలుపు ఫోటోలలో రోల్ కేజి కడ్డీల వంపులు, బంపరు ఆకారం, డాష్‌బోర్డు రంధ్రాల వరుస స్పష్టంగా ఉంటే, వాటిని చేతిలోని కారుతో ఒక్కొక్కటిగా పోల్చవచ్చు. రంగును సన్నని గరుకు కాగితంతో పొరపొరగా గీకితే కింద పాత నంబరు అంచులు బయటపడతాయి. వెల్డింగ్ అతుకులు కూడా సాక్ష్యమే, ఎందుకంటే ఒకే మనిషి కట్టిన రెండు కార్లలో అతుకుల తీరు దాదాపు ఒకేలా ఉంటుంది.

పునరుద్ధరణలో ఎంత మెరుగు పెట్టాలి?

అతిగా మెరుగు పెట్టడం నాకు నచ్చదు, ఆ మాట దాచుకోను. ఈ కార్లను చాలావరకు కుంచెతో, చేతిరాతతో అలంకరించారు. నంబర్లు రాసినది ఊళ్ళో దుకాణాల బోర్డులు రాసే పెయింటరే. ప్లాస్టిక్ స్టిక్కరుతో అంటించిన నంబరు, అద్దంలా మెరిసే రంగు, క్రోమ్ పూసిన కడ్డీలు ఆ కారు ఎన్నడూ ఎరుగని అందాన్ని దానికి అంటగడతాయి. వాడకంలో పడిన సొట్టలలో బలానికి హాని చేయనివాటిని ఉంచేయవచ్చు. తుప్పు తిన్న పలకను మార్చవలసి వస్తే, తీసేసిన ముక్కను పారేయకుండా దాచి, ఏది పాతదో ఏది కొత్తదో రాసిపెట్టడం మంచిది.

అసలు కారు దొరక్క, దాని నమూనాలో కొత్తది కట్టుకుంటే తప్పా?

తప్పు కాదు, నమూనా అని పైకి చెప్పినంతవరకు. చెప్పకుండా అమ్మితే అది మోసం.

ఇలాంటి కారును ఇప్పుడు ట్రాకు మీద నడపడం సురక్షితమేనా?

పాత రూపాన్ని కాపాడవచ్చు గానీ పాత భద్రతను కాపాడకూడదు. సీటు బెల్టులు, ఫ్యూయల్ సెల్, బ్రేకు గొట్టాలు కొత్తవే ఉండాలి. వీటికి కాలపరిమితి ఉంటుంది, వాడకపోయినా చెడిపోతాయి. మెగ్నీషియం చక్రాలు పైకి చక్కగా కనిపిస్తూనే లోపల పగుళ్ళు పట్టి ఉండవచ్చు. రంగు ద్రవం పూసి పగుళ్ళు వెతికే పరీక్ష చేయించకుండా వాటిని ట్రాకు మీదికి తేకూడదు. స్టీరింగు కడ్డీలను, ముందు ఇరుసు కొనలను కూడా అలాగే పరీక్షించాలి. పాత నీళ్ళ పైపు కేజి ఉన్న కారును మ్యూజియంలో ఉంచడమే న్యాయం. పాత కార్ల ప్రదర్శన పరుగుల్లో గెలుపు కోసం ఒకరినొకరు తోసుకోవడం ఉండదు, కానీ కారు వేగానికి అది ప్రదర్శనో పందెమో తెలియదు.

అమెరికాలో ఉంటున్న తెలుగువారు వీటిని ఎక్కడ చూడవచ్చు?

షార్లెట్ పరిసరాల్లో ఉన్నవారికి 2010లో తెరిచిన నాస్కార్ హాల్ ఆఫ్ ఫేమ్ ఊళ్ళోనే ఉంది. అక్కడి నుంచి కారులో సుమారు గంటన్నర దూరంలో, విన్‌స్టన్ సేలంలోని బోమన్ గ్రే స్టేడియంలో, ఫుట్‌బాల్ మైదానం చుట్టూ ఉన్న పావు మైలు ట్రాకు మీద 1949 నుంచి నాస్కార్ పందేలు జరుగుతున్నాయి. వేసవి శనివారాల్లో నేటి మాడిఫైడ్‌లను అక్కడ చూడవచ్చు. కనెక్టికట్ వైపు ఉన్నవారికి ఆ రాష్ట్రంలోని స్టాఫర్డ్, థాంప్సన్ ట్రాకులు అందుబాటులో ఉంటాయి. న్యూ హాంప్‌షైర్‌లోని లౌడన్‌లో 2017లో తెరిచిన నార్త్ ఈస్ట్ మోటార్ స్పోర్ట్స్ మ్యూజియం పాత కార్లను దగ్గరగా చూడడానికి అనువైనది. చాలా ట్రాకుల్లో పందెం ముగిశాక ప్రేక్షకులను పిట్‌లోకి, అంటే జట్లు కార్లను సిద్ధం చేసుకునే చోటికి రానిస్తారు. పిల్లలను తీసుకెళ్తే చెవులకు రక్షణ తప్పనిసరి.

పునరుద్ధరణ పని కొత్తగా మొదలుపెట్టేవారు మొదట ఏం చేయాలి?

ఏదీ విప్పకముందే కారును సమతలమైన నేల మీద నిలిపి, నాలుగు వైపుల నుంచీ, కింద నుంచీ ఫోటోలు తీయాలి. తరువాత ముందు ఇరుసు నుంచి వెనక ఇరుసుకు ఉన్న దూరాన్ని ఎడమ వైపున ఒకసారి, కుడి వైపున ఒకసారి కొలవాలి. ఫ్రేము మధ్యగీత నుంచి ఇంజిన్ ఎంత పక్కకు ఉందో రాసుకోవాలి. ఈ కొలతలు రెండు వైపులా సమానంగా ఉండకపోవడం చూసి, ఫ్రేము ప్రమాదంలో వంగిందనుకుని తిన్నగా లాగించేసినవారు ఉన్నారు. ఆ తేడా చాలాసార్లు కట్టినవాడు కావాలని పెట్టినది. అది వంకరో, ఆలోచనో తేల్చుకోవాలంటే ఫ్రేము కమ్మీల మీద ముడతలు, సాగిన గుర్తులు ఉన్నాయేమో చూడాలి. ముడత లేకుండా, బ్రాకెట్ల వెల్డింగ్ చెక్కుచెదరకుండా తేడా కనిపిస్తే, దాన్ని అలాగే ఉంచి మిగతా కారును దానికి తగ్గట్టు కట్టాలి.